11 రూపాయల జీతానికి బస్రా దాకా ఎందుకు వెళ్లాడు?

ఒకమ్మాయి అడిగిన ప్రశ్న ఇది: "మా అమ్మమ్మ పోయాక ఆమె ట్రంకు పెట్టె సర్దుతుంటే ఒక వెండి బిళ్ళ దొరికింది. ఒకవైపు రాజు తల, ఇంకోవైపు గుర్రం మీద మనిషి, 1914, 1918 అని అంకెలు. అమ్మమ్మ వాళ్ల తాతగారు మొదటి ప్రపంచ యుద్ధానికి బస్రా వెళ్లొచ్చాడని ఇంట్లో చెప్పుకుంటారు. మాది గోదావరి జిల్లా. తెల్లవాడి యుద్ధంతో మనకేం పని? అసలు జనం సైన్యంలో ఎందుకు చేరతారు? ముక్కూమొహం తెలియని దేశానికి వెళ్లి ఎందుకు పోరాడతారు?"

అమ్మా,

ముందు ఆ బిళ్ళ సంగతి చెప్పి తర్వాత ప్రశ్నకి వస్తాను. దయచేసి దాన్ని చింతపండు పెట్టి తోమకండి. విభూది కూడా వద్దు. మెత్తటి పాత నూలు గుడ్డతో తుడిచి, కిటికీ దగ్గర నిలబడి, రెండు వేళ్ల మధ్య పట్టుకుని అంచుని వెలుతురులో మెల్లగా తిప్పండి. ఆ అంచు మీద సన్నటి ఇంగ్లీషు అక్షరాలు కొట్టి ఉంటాయి. ఒక నంబరు, హోదా, పేరు, దళం. దీన్ని బ్రిటిష్ వార్ మెడల్ అంటారు. ఆ రాజు ఐదో జార్జి. వెనకవైపు గుర్రం మీద ఉన్నవాడికి ఒంటి మీద నూలుపోగు ఉండదు. గుర్రం కాళ్ల కింద డేగ బొమ్మ ఉన్న డాలు నలుగుతూ ఉంటుంది, అది జర్మనీవాళ్ల డేగ. కొత్త రిక్రూట్లకి ఈ మెడల్ చూపించినప్పుడల్లా ముందు ఆ దిసమొల మనిషిని చూసి కిసుక్కున నవ్వేవాళ్లు.

ఇదే బిళ్ళని కంచుతో కూడా పోశారు. కూలి దళాల్లో వెళ్లి రోడ్లు వేసిన, ఓడల నుంచి మూటలు దించిన వాళ్లలో చాలామందికి ఆ కంచుది ఇచ్చారు. మీది నిజంగా వెండిదైతే మీ పెద్దాయన పటాలంలో లెక్కకున్న మనిషే అయ్యుంటాడు. అంచు మీద "క్యూ.వి.ఓ. ఎస్. అండ్ ఎమ్." లాంటి పొడి అక్షరాలు కనబడితే అది క్వీన్ విక్టోరియా పేరున్న మద్రాస్ సాపర్స్ అండ్ మైనర్స్, అంటే వంతెనలు కట్టే, కందకాలు తవ్వే దళం. ఇప్పటి పేరు మద్రాస్ ఇంజినీర్ గ్రూప్, బెంగళూరు. నేను 1985లో అందులోనే చేరి, 24 ఏళ్లు చేసి, సుబేదారుగా పెన్షన్ వచ్చాను. ఈ ప్రశ్నకి జవాబు చెప్పే అర్హత నాకేదైనా ఉంటే అదే.

మీరు ఒకే ప్రశ్న అడిగాననుకుంటున్నారు గానీ ఇందులో రెండున్నాయి. చేరడం ఎందుకు, వెళ్లడం ఎందుకు. చేరేది ఇంటి కోసం. ఎక్కడికి వెళ్లాలో చెప్పేది సర్కారు. ఈ రెంటి మధ్య ఒక్కోసారి రెండేళ్లు, ఒక్కోసారి పదేళ్లు గడుస్తాయి. కాగితం మీద వేలిముద్ర వేసేటప్పుడు మీ పెద్దాయన మనసులో బస్రా ఉండి ఉండదు. ఇరాక్‌లో బస్రా అనే ఊరుందని కూడా తెలిసి ఉండదు.

నా సంగతే చెబుతాను. మాది ప్రకాశం జిల్లా, గిద్దలూరు వైపు. మెట్ట భూమి. వాన పడితే జొన్న, లేకపోతే అప్పు. నేను పదో తరగతిలో ఉండగా మా పెదనాన్న కొడుకు లీవు మీద వచ్చాడు. నల్ల ట్రంకు పెట్టె, దాని మీద తెల్ల పెయింటుతో నంబరు, పేరు. మూత తీస్తే నాఫ్తలీన్ గోళీల వాసన. పెద్దవాళ్లకి క్యాంటీన్ రమ్ము, ఆడవాళ్లకి చీరలు, మాకు బిస్కెట్లు. వారం తిరిగేసరికి అన్నకి మూడు సంబంధాలొచ్చాయి. అంతకుముందు అతని మొహం చూసినవాడు లేడు. ఆ వారమే నా భవిష్యత్తు తేలిపోయిందని ఇప్పుడనిపిస్తుంది. దేశభక్తి లేదా అంటే ఉంది, 1971 యుద్ధం కథలు విని పెరిగినవాణ్ని. కానీ రిక్రూట్‌మెంటు రోజున బరువు తక్కువ పడతానేమోనని డజను అరటిపళ్లు మింగి, రెండు చెంబుల నీళ్లు తాగి, కడుపు పట్టుకుని లైన్లో నిలబడ్డప్పుడు నా తలలో ఉన్నది ఆ ట్రంకు పెట్టే.

చేరిన ఆర్నెల్లకి ఇంటికి మొదటి మనియార్డరు వెళ్లింది. 300 రూపాయలు. ఫారం అడుగున ఒక చిన్న ముక్క ఉండేది, దాని మీద మూడు నాలుగు వాక్యాలు రాసుకోవచ్చు. "నేను క్షేమం. మీరు క్షేమమని తలుస్తాను. చెల్లెలి ఫీజు కట్టండి." పోస్ట్‌మ్యాన్ అయిదు రూపాయలు తీసుకుని మిగతాది ఇచ్చేవాడట. మా అమ్మ ఆ ముక్కలన్నీ కట్ట కట్టి దాచింది. డబ్బు ఏమైందో ఎవరికీ గుర్తులేదు, ముక్కలు మాత్రం ఇంకా ఉన్నాయి.

ఇప్పుడు మీ పెద్దాయన కాలానికి వెళ్దాం. 1914లో సిపాయి జీతం నెలకి 11 రూపాయలు. యుద్ధ రంగంలో బత్తా అదనం. యుద్ధం సాగేకొద్దీ ఉచిత రేషన్, చేరినందుకు బోనస్ కూడా వచ్చాయి. 11 రూపాయలు గొప్ప సంపాదన కాదు. కానీ అణాల కూలీకి వెళ్లేవాడికి రేపు పని ఉంటుందో లేదో తెలియదు. సిపాయికి వాన పడ్డా పడకపోయినా నెల తిరిగేసరికి జీతం వస్తుంది, బతికుంటే పెన్షన్ వస్తుంది. కచేరీలో మున్సబు కూర్చోమనకపోయినా కనీసం కసరడు. పంజాబులో అయితే మంచి సర్వీసు చేసినవాళ్లకి కొత్త కాలవల కింద భూమి కూడా ఇచ్చారు. అందుకే ఆ యుద్ధానికి పంజాబు అంతమందిని పంపింది.

మన తెలుగువాళ్ల కథ అలా లేదు, కాస్త తిరకాసుగా ఉంది. ఉత్తరాది భాషల్లో పాతకాలంలో సిపాయిని "తిలంగా" అనేవాళ్లని మీకు తెలుసా? ఈస్టిండియా కంపెనీవాడు ఎర్ర కోటు తొడిగి కవాతు నేర్పిన తొలి సిపాయిల్లో తెలుగుదేశం వాళ్లు ఎక్కువ. దాంతో తెలుగువాడు అనే మాటే సిపాయి అనే మాటగా స్థిరపడింది. 1857లో ఢిల్లీలో తిరగబడ్డ సిపాయిల్లో తెలుగు వచ్చినవాడు ఉన్నాడో లేడో గానీ, ఢిల్లీ జనం వాళ్లని పిలిచింది తిలంగాలనే.

అలాంటిది, ఇంకో పాతికేళ్లకి తెలుగువాడు యుద్ధానికి పనికిరాడని తేల్చేశారు. 1880లలో లార్డ్ రాబర్ట్స్ లాంటి సేనానులు "యుద్ధ జాతులు" అని ఒక లెక్క తయారుచేశారు. సిక్కు, గూర్ఖా, పఠాను, రాజపుత్రుడు వీరులు, దక్షిణాదివాడు మెత్తనివాడు. మద్రాసు పటాలాలు ఒక్కొక్కటిగా తగ్గించారు. 1914లో యుద్ధం వచ్చి, ఫ్రాన్సులోనూ మెసొపొటేమియాలోనూ (ఇప్పటి ఇరాక్) మనుషులు కరిగిపోతుంటే వీరజాతుల వాళ్లు చాలలేదు. అప్పుడు మెత్తనివాళ్లకీ తలుపులు తెరిచారు. యుద్ధమైపోగానే మళ్లీ మూశారు. 1928 కల్లా మద్రాసు పదాతి దళం పూర్తిగా లేకుండా పోయింది. 1941లో జపాను మన మీదికి వచ్చే ముప్పు కనబడగానే మద్రాస్ రెజిమెంటుని మళ్లీ నిలబెట్టారు. అవసరం ఉన్నప్పుడు వీరుడు, తీరాక మెత్తనివాడు. మొత్తం మీద మూతబడకుండా మిగిలింది మా సాపర్లే. వంతెన కట్టడానికి, కందకం తవ్వడానికి ఏ జాతి అయితేనేం అనుకున్నారేమో.

ఈ సాపర్ల గురించి ఒక మాట కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే మీ ప్రశ్నకి నా దృష్టిలో అసలు జవాబు ఇక్కడుంది. మద్రాసు సాపర్లలో ఊరు అంటరానివాళ్లంటూ దూరం పెట్టిన కులాలవాళ్లు మొదటినుంచీ ఎక్కువ. ఆ రోజుల్లో అలాంటి ఇంటి కుర్రాడు పెద్దవీధిలోంచి వెళ్లాలంటే చెప్పులు విప్పి చేత్తో పట్టుకోవాలి. అదే కుర్రాడు పటాలంలో చేరిన మొదటి రోజే స్టోర్సులో ఒక జత బూట్లు విసిరేసి, వేసుకో అంటారు. వేసుకోకపోతే శిక్ష. అక్కడ కాళ్లకి ఏదైనా ఉంటే తప్పు, ఇక్కడ లేకపోతే తప్పు. లీవు మీద ఊరికొచ్చినప్పుడు అతను ఆ బూట్లతో పెద్దవీధిలో నడిచాడా, విప్పి పట్టుకున్నాడా అన్నది ఒక్కో ఊళ్లో ఒక్కో కథ. మా సర్వీసులో పాత కుటుంబాల వాళ్లు రెండు రకాలవీ చెప్పేవాళ్లు. అంబేడ్కర్ 1891లో మహూ కంటోన్మెంటులో పుట్టాడు. తండ్రి సుబేదారు. ఆ ఇంట్లో చదువుకి విలువ ఉందంటే కారణాల్లో పటాలం బడి ఒకటి. తర్వాత ఆయన కులమైన మహర్లని యుద్ధ జాతి కాదని భర్తీ ఆపేశారు, 1917లో మళ్లీ తీసుకున్నారు, యుద్ధం అయ్యాక మళ్లీ రద్దు చేశారు, 1941లో మళ్లీ మహర్ రెజిమెంటు పెట్టారు. మద్రాసు కథే ఇది కూడా.

మీ పెద్దాయన ఏ కులమో నేను అడగట్లేదు. ఆ బూట్ల కోసం బస్రా దాకా కాదు, ఇంకా ఆవలికి కూడా వెళ్లేవాళ్లు ఉన్నారని చెబుతున్నాను, అంతే.

మీది గోదావరి జిల్లా అన్నారు కాబట్టి ఇంకో కారణం కూడా చెప్పాలి. తాడేపల్లిగూడెం దగ్గర మాధవరం ఉంది కదా, అందరూ మిలిటరీ మాధవరం అనే ఊరు. అక్కడ సైన్యంలో మనిషి లేని ఇల్లు వెతుక్కోవాలి. అలాంటి ఊళ్లో పద్దెనిమిదేళ్ల కుర్రాణ్ని ఎందుకు చేరావురా అని అడిగితే వింతగా చూస్తాడు. తాత వెళ్లాడు, నాన్న వెళ్లాడు, చిన్నాన్న వెళ్లాడు. చేరకపోతేనే సంజాయిషీ చెప్పుకోవాలి. కుమ్మరి ఇంటివాడు సారె దగ్గర కూర్చున్నట్టే ఇదీను.

సరే, చేరాడు. మరి వెళ్లడం?

వెళ్లనన్నవాళ్లూ ఉన్నారు. మన దగ్గరా ఉన్నారు. 1780 అక్టోబరు 3న విశాఖపట్నంలో సిపాయిలని ఓడెక్కి మద్రాసు వెళ్లి హైదర్ అలీ మీద పోరాడమన్నారు. మేం ఎక్కం అన్నారు. తిరగబడ్డారు, కాల్పులు జరిగాయి, కొందరు తెల్లవాళ్లు చనిపోయారు. విశాఖ నుంచి మద్రాసు అంటే ఇప్పుడు రాత్రి రైలెక్కితే తెల్లారేసరికి నెల్లూరు దాటేస్తాం. వాళ్లకి అదే పరాయి దేశం. 1824లో బర్మా యుద్ధానికి వెళ్లమంటే కలకత్తా దగ్గర బరక్‌పూర్‌లో బెంగాల్ సిపాయిలు మొరాయించారు. సముద్రం దాటితే కులం పోతుందన్న భయం ఒకటి, సామాను మోయడానికి ఎద్దులు కూడా ఇవ్వలేదన్న కడుపుమంట ఒకటి. వాళ్ల మీద ఫిరంగులు పేల్చారు. అదే యుద్ధానికి మద్రాసు సిపాయిలు ఓడెక్కి రంగూన్ వెళ్లారు. మన వాళ్లకి ధైర్యం ఎక్కువని చెప్పను. కోరంగి, బందరు రేవుల వైపు వాళ్లకి సముద్రం కొత్త కాదు, అంతే.

1915 ఫిబ్రవరి 15న సింగపూర్‌లో 5వ లైట్ ఇన్‌ఫాంట్రీ తిరగబడింది. ముస్లిం సిపాయిలు. తమని టర్కీ సుల్తాను మీదికి పంపుతారని పుకారు. నిజానికి పంపబోతున్నది హాంకాంగ్‌కి. 47 మందిని జైలు గోడ ముందు నిలబెట్టి, జనం చూస్తుండగా కాల్చేశారు. ఈ వార్త మిగతా పటాలాలకి చేరకుండా ఉంటుందా? కాబట్టి "ఎందుకు వెళ్లాడు" అన్నదానికి ఒక ముక్కలో జవాబు: చేరాక వెళ్లనంటే ఏమవుతుందో తెలుసు కాబట్టి.

హైదరాబాదులో నిజాం ఆ సమయంలోనే ముస్లింలని బ్రిటిషు పక్షాన నిలబడమని ప్రకటన ఇచ్చాడు, డబ్బిచ్చాడు, తన లాన్సర్ల దళాన్ని పంపాడు. ఢిల్లీలో తీన్‌మూర్తి దగ్గర నిలబడ్డ మూడు కంచు విగ్రహాల్లో ఒకటి ఆ హైదరాబాద్ లాన్సర్లదే. మిగతా రెండు మైసూరు, జోధ్‌పూర్. ఈజిప్టు, పాలస్తీనా ఇసకలో నాలుగేళ్లు గుర్రాల మీద గడిపిన ఆ సవార్లని ఎవరైనా వెళ్తారా అని అడిగి ఉంటారని నేననుకోను.

అడిగి పంపినట్టు కనిపించినా లోపల సంగతి వేరు. 1917, 18 నాటికి పంజాబులో ఊరికింతమంది అని లెక్క కట్టి వసూలు చేశారు. ఆశ పెట్టడమూ ఉంది, బెదిరించడమూ ఉంది. మెసొపొటేమియాలో కూలి పనికి జైళ్లలోని ఖైదీలని కూడా తీసుకెళ్లారు. ఇంకో విచిత్రం చెప్పనా? 1918లో గాంధీగారు గుజరాత్‌లో ఖేడా ఊళ్లు తిరుగుతూ సైన్యంలో చేరండని ప్రచారం చేశారు. సాయం చేస్తే స్వరాజ్యం ఇస్తారని ఆశ. అంతకుముందే పన్ను ఎగ్గొట్టడానికి ఆయన వెనక నడిచిన రైతులు దీనికి మాత్రం మొహం చాటేశారు. ఆయన మంచాన పడ్డారు. రైతు బుద్ధి రైతుది.

మొదటి ప్రపంచ యుద్ధంలో భారత సైన్యంలో దేశం దాటి వెళ్లినవాళ్లు పది లక్షల పైమాటే. చనిపోయినవాళ్లు 70 వేలకి పైగా. ఫ్రాన్సు గురించి ఎక్కువ రాస్తారు, కానీ మనవాళ్లు అన్నిటికంటే ఎక్కువగా వెళ్లింది మెసొపొటేమియాకే. కుట్ అనే చిన్న ఊళ్లో 1915 డిసెంబరు నుంచి 1916 ఏప్రిల్ 29 దాకా టర్కీవాళ్లు ముట్టడి వేశారు. లోపల తిండి అయిపోయి గుర్రాలని కోశారు. మన సిపాయిల్లో చాలామంది ఆ మాంసం ముట్టలేదు. ఊరికెళ్తే ఏమంటారో అన్న భయం. తినడానికేమీ లేక, చుట్టూ శత్రువు ఉండగా కూడా మనిషి మనసులో ఊరే ఉంది చూడండి.

ఫ్రాన్సు నుంచి మనవాళ్లు రాసిన ఉత్తరాలని సెన్సారు ఆఫీసులో చదివి పంపేవాళ్లు. అది తెలిసి సిపాయిలు గుప్తంగా రాసేవాళ్లు. నల్ల మిరియాలు అయిపోయాయి, ఇప్పుడు ఎర్ర మిరపకాయలు వాడుతున్నారు అని. నల్లవి అంటే మనవాళ్లు, ఎర్రవి అంటే తెల్లవాళ్లు. ఇంకా అర్థం కాని తమ్ముడుంటే వాడికి ఇక్కడికి రావద్దని చెప్పడమన్నమాట. అంటే ఏం జరుగుతోందో వాళ్లకి పూర్తిగా తెలుసు. అమాయకంగా వెళ్లి చచ్చారు అనేవాళ్లతో అందుకే నేను ఒప్పుకోను.

తెలిసీ ఎందుకు నిలబడ్డారు? పుస్తకంలోంచి చెప్పలేను, నేను నిలబడ్డ చోటు నుంచి చెబుతాను.

1987 అక్టోబరులో శ్రీలంకలో శాంతి సేన పేరుతో మమ్మల్ని విమానంలో పలాలిలో దించారు. జాఫ్నా. నాకు ఇరవై ఏళ్లు. దూరదేశం అని భయపడుతూ దిగితే, చుట్టూ తాటితోపులు, తాటాకు దడులు, గుమ్మం ముందు ముగ్గు. అచ్చం మన వైపే. మేం ఆ ముగ్గు తొక్కకుండా పక్కనుంచి నడిచి లోపలికి వెళ్లి, ఇల్లు సోదా చేశాం. ఆ ఇంటి ముసలమ్మ మమ్మల్ని ఏమీ అనలేదు. మా కాళ్ల వైపు చూసింది, ముగ్గు వైపు చూసింది, లోపలికి వెళ్లిపోయింది. అన్నాళ్లలో నాకు అన్నిటికంటే దూరంగా అనిపించిన క్షణం అది.

సాపర్ పని రోడ్డు తెరవడం. కల్వర్టుల కింద ఎల్టీటీఈ వాళ్లు మందుపాతరలు పెట్టేవాళ్లు. ప్లాస్టిక్ డబ్బాల్లో పెడితే డిటెక్టర్ పలకదు. అప్పుడు మోకాళ్ల మీద కూర్చుని, సన్నటి కడ్డీని ఏటవాలుగా మట్టిలోకి గుచ్చుతూ, గట్టిగా తగిలిందా మెత్తగా తగిలిందా అని వేళ్లతో వినాలి. వినడం అనే అంటాం. ఒకరోజు అలా కూర్చున్నప్పుడు కడ్డీ దేనికో తగిలింది. నా పక్కన కన్యాకుమారి వైపు ఒకాయన, నాయక్ హోదా. ఆయన నా చెయ్యి పట్టుకుని పక్కకి జరిపి, "తంబీ, నువ్వు లే" అని తను కూర్చున్నాడు. నాకు పెళ్లి కాలేదు, ఆయనకి ఇద్దరు పిల్లలు. ఆ లెక్కన నేనే కూర్చోవాలి. లేవనన్నాను. ఆయన తిట్టాడు. చివరికి ఇద్దరం కలిసే మట్టి తీశాం. వెనకాల రెండు వందల గజాల దూరంలో ట్రక్కులో పద్దెనిమిది మంది మా వైపే చూస్తూ ఉన్నారు. అది వాడి పారేసిన వనస్పతి డబ్బా. ఖాళీది.

ఆ పావుగంటలో నాకు ఇండియా గుర్తు రాలేదు, శ్రీలంక గుర్తు రాలేదు, ఏ ఒప్పందమూ గుర్తు రాలేదు. ఆ నాయక్ ముందు, ఆ ట్రక్కు ముందు నేను లేచిపోయినవాడిగా మిగలకూడదు. అంతే ఉంది. మీ పెద్దాయన కాలంలో దీన్ని ఇజ్జత్ అన్నారు, ఉప్పు తిన్న విశ్వాసం అన్నారు. మన భాషలో పరువు. తెల్ల దొరలు ఈ సంగతి బాగా కనిపెట్టారు. ఒకే జిల్లా వాళ్లని, ఒకే కులం వాళ్లని ఒక కంపెనీలో పెట్టేవాళ్లు. పక్కనున్నవాడు పక్క ఊరివాడే అయితే పారిపోయినవాడి కథ వాడికంటే ముందే ఇల్లు చేరుతుంది.

అక్కడ మనవాళ్లు దాదాపు 1,200 మంది పోయారు. 1990 మార్చిలో చివరి జట్లు మద్రాసు రేవులో దిగినప్పుడు ఆ రాష్ట్ర ముఖ్యమంత్రి స్వాగతానికి రాలేదు. ఆయన వైపు కారణాలు ఆయనకున్నాయి, అక్కడి తమిళుల మీద మేం తుపాకులు ఎత్తామన్నది అబద్ధం కాదు. కానీ ఓడ మెట్లు దిగుతున్న కుర్రాడికి ఈ రాజకీయం అర్థం కాదు. పంపినప్పుడూ ఎందుకో చెప్పలేదు, పిలిచినప్పుడూ చెప్పలేదు. నాకున్న ఫిర్యాదు అది ఒక్కటే. వెళ్లినందుకు కాదు.

ఈ కాలం సంగతి కూడా నాలుగు మాటలు. ఐక్యరాజ్యసమితి మిషన్లకి ఇప్పటిదాకా మన దేశం 2 లక్షల 90 వేల మందికి పైగా పంపింది. కాంగో, సియెర్రా లియోన్, దక్షిణ సూడాన్. దాదాపు 180 మంది తిరిగి రాలేదు. మా యూనిట్లలో యూఎన్ పోస్టింగ్ అంటే ఎగబడేవాళ్లు. అలవెన్సు బాగుంటుంది. మా ఊళ్లో ఒకాయన ఇంటి పై అంతస్తుని ఇప్పటికీ కాంగో అంటారు. అమెరికా సైన్యం 2009 నుంచి కొన్నేళ్లు మావ్నీ అనే పథకం నడిపింది. గ్రీన్‌కార్డు లేకపోయినా, ప్రత్యేక భాషలు వచ్చిన వీసావాళ్లు చేరితే పౌరసత్వం త్వరగా ఇచ్చేవాళ్లు. మన దేశపు కుర్రాళ్లు కూడా చేరారు. 11 రూపాయలకి బదులు పాస్‌పోర్టు. 2016లో అది ఆపేశారు.

ఇక్కడ నేను పొద్దున్నే కొందరు పిల్లల్ని పరిగెత్తిస్తుంటాను. 1,600 మీటర్లు అయిదున్నర నిమిషాల్లో పూర్తిచేస్తే ఫుల్ మార్కులని చెప్పి ఒక బ్యాచ్‌ని తయారుచేశాను. ఫిజికల్ పాసయ్యారు, మెడికల్ పాసయ్యారు, రాత పరీక్ష కోసం రెండేళ్లు కూర్చున్నారు. 2022 జూన్ 14న అగ్నిపథ్ ప్రకటించారు. నాలుగేళ్ల సర్వీసు, ఆ తర్వాత నూటికి పాతికమందే ఉంటారు, మిగతావాళ్లకి దాదాపు 11 లక్షల 71 వేలు సేవా నిధి. పాత రాత పరీక్ష ఇక లేదు. మూడు రోజులకి సికింద్రాబాద్ స్టేషన్లో ఏం జరిగిందో మీరు టీవీలో చూసే ఉంటారు. రైలు పెట్టెలు తగలబెట్టడం తప్పే, నేను వాళ్లని వెనకేసుకు రాను. పోలీసు కాల్పుల్లో ఒక పిల్లవాడు పోయాడు. ఆ పిల్లలు యుద్ధం కోసం ఏడ్చారంటారా? పెన్షన్, పెళ్లి సంబంధం, ఆ నల్ల ట్రంకు.

ఆ ఖాళీలోకే ఏజెంట్లు వస్తారు. 2023, 24లో రష్యాలో హెల్పర్ ఉద్యోగమని చెప్పి తీసుకెళ్లి, చేతికి తుపాకీ ఇచ్చి ఉక్రెయిన్ సరిహద్దుకి పంపిన సంగతి బయటపడింది. అలా వెళ్లిన హైదరాబాద్ కుర్రాడొకడు 2024లో చనిపోయాడు. నా దగ్గర పరిగెత్తిన ఒకడు కూడా అలాంటి వీడియో చూసి ఫోన్ చేశాడు, "సార్, వెళ్లమంటారా" అని. భాష రాని కాగితం మీద సంతకం పెట్టొద్దురా అని ఒక్కటే చెప్పాను. చెప్పాక అనిపించింది, మీ పెద్దాయన వేలిముద్ర వేసిన కాగితం కూడా ఆయనకి రాని భాషలోదే.

బస్రా గురించి చివరగా ఒకటి. అక్కడి స్మారకం మీద, సమాధి దొరకని 40 వేల మందికి పైగా సైనికులని తలుచుకున్నారు. తెల్లవాళ్లకి పేర్లు చెక్కారు. భారతీయుల్లో అధికారులకి చెక్కారు. మామూలు సిపాయిలకి రెజిమెంటు పేరు రాసి, కింద ఇంతమంది అని అంకె వేశారు. దీన్ని 2021లో ఆ స్మారకాల సంస్థే విచారణ చేయించి తప్పని ఒప్పుకుంది. మీ పెద్దాయన తిరిగొచ్చాడు కాబట్టి ఆ అంకెలో లేడు. ఆయన పేరు ఆ బిళ్ళ అంచు మీద ఉంది.

కాబట్టి భూతద్దం పెట్టి చూడండి. మన పేర్లని వాళ్లు చెవికి తోచినట్టు రాసేవాళ్లు, ఇంటిపేరు మింగేసేవాళ్లు, కాబట్టి వెంటనే గుర్తుపట్టకపోతే గాబరా పడకండి. నంబరూ దళం పేరూ ఉన్నవున్నట్టు, చుక్కలతో సహా ఒక కాగితం మీద ఎక్కించి ఇక్కడ పెట్టండి. నాకు తెలిసినంతలో ఏ దళమో చెబుతాను. రిబ్బను మిగిలి ఉంటే మధ్యలో నారింజ రంగు, దానికి రెండు పక్కలా తెలుపు, నలుపు, అంచుల్లో నీలం ఉండాలి. ఎలకలు కొట్టేసినా పరవాలేదు, పారేయకండి.